ఎమర్జెన్సీలో ఎదిరించింది ఎవరంటే

‘ఎమర్జెన్సీలో మీ పెద్దవాళ్ళు భయపడ్డారా, ఎదిరించారా?’ అని అడిగారు. రెండూ జరిగాయి. కాకపోతే ఎదిరిస్తారనుకున్నవాళ్ళు కిక్కురుమనలేదు.

నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. తెనాలిలో మా బాబాయికి కాలితో తొక్కి నడిపే చిన్న ట్రెడిల్ ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, రసీదు పుస్తకాలు వేసేవాడు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టకముందు ఆయన అరుగు మీద కూర్చుంటే ఇందిరాగాంధీ నుంచి వార్డు కౌన్సిలరు దాకా ఎవరినీ వదిలేవాడు కాదు. ఆ తర్వాత ‘మీసా’ (విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం) అన్న మాట వినపడితే చాలు, వానల గురించి మాట్లాడేవాడు. మా నాన్న బడిపంతులు. ‘రైళ్ళు టైముకి వస్తున్నాయిగా’ అనేవాడు. ఆయన రైలెక్కేది ఏడాదికోసారి.

ఒక సాయంత్రం ఒకతను జైల్లో ఉన్నవాళ్ళ గురించి కరపత్రం వేయమని వచ్చాడు. బాబాయి పూర్తిగా చదవకుండానే కాగితం తిరిగిచ్చి పంపేశాడు. ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే మా కంపోజిటర్ తాత మౌనంగా చూస్తూ ఉన్నాడు. రాజకీయాల సంగతి అలా ఉంచండి, జీతం పెంచమని కూడా నోరు తెరవని మనిషి. ఆ రాత్రి తానే కంపోజ్ చేసి, తానే ట్రెడిల్ తొక్కి, తెల్లారేలోపు అక్షరాలన్నీ విప్పి వాటి అరల్లో సర్దేశాడు. పొద్దున బల్ల కింద ఒక చెడిపోయిన కాగితం దొరికింది. దాన్ని కాల్చడానికి బాబాయికి అగ్గిపుల్ల వెలగలేదు, చేతులు అంతలా వణికాయి.

‘ఎంత పని చేశావయ్యా!’ అంటే, ‘ప్రెస్సు పేరు వేయలేదులెండి’ అని తాత టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశాక, ఆ కరపత్రం తానే వేశానని బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు డెబ్బై దాటిన ఎవరిని కదిపినా ఇలాంటి అండర్‌గ్రౌండ్ కథే చెబుతారు. మరి ఆ మార్చి లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాది జనం కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం 42 సీట్లలో 41 ఆ పార్టీకే ఎందుకిచ్చింది? నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. ఈ వీరులంతా ఎవరికి ఓటేశారో!

చదువూ పదవీ ఉంటే ధైర్యం వస్తుందంటే నేను నమ్మను. విచారణ లేకుండా జైల్లో పెట్టినా ఎమర్జెన్సీలో కోర్టుకెళ్ళే హక్కు లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జడ్జీలు ఐదుగురిలో నలుగురు తేల్చేశారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. సీనియారిటీ ప్రకారం రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి ఆయనకు ఇవ్వలేదు, రాజీనామా చేశారు. ఆ నలుగురిలో ఒకరు అప్పటికే చీఫ్ జస్టిస్. మిగతా ముగ్గురూ తర్వాత వరసగా అయ్యారు.