హెడ్‌లైట్‌లో నీరు చేరితే...

ప్రశ్న: మాది సోంపేట. మా కారు ఎడమ హెడ్‌లైట్ లోపల ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆవిరి పడుతోంది, అడుగున నీటిబొట్లు కూడా నిలుస్తున్నాయి. కుడి వైపు లైటు బాగానే ఉంది. వేసవిలో ఎడమ లైటు బల్బు మార్పించాము. ఒక మెకానిక్ లైటు మొత్తం మార్చాలంటున్నారు, మరొకరు అడుగున చిన్న రంధ్రం పెడితే చాలంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే చేయించకండి. మీరు మాటవరసకు రాసిన బల్బు సంగతే ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది.

హెడ్‌లైట్ గాలి చొరబడని డబ్బా కాదు. వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆర్పగానే సంకోచిస్తుంది; ఆ ఒత్తిడి అద్దాన్ని డబ్బాకు కలిపే అతుకుల మీద పడకుండా తయారీదారులే వెనుక వైపు గాలి దారులు ఉంచుతారు. లైటు చల్లారేటప్పుడు ఆ దారుల గుండా లోపలికి వచ్చే గాలి, సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఊరి వంటి చోట తేమతో నిండి ఉంటుంది కనుక, వానకు అద్దం చల్లబడగానే ఆ తేమ లోపలి వైపు పల్చని పొరగా పడుతుంది. లైటు వేసుకొని కొంతసేపు తిరిగితే అది పోతుంది, దానికి మరమ్మతు అక్కరలేదు. ఎల్‌ఈడీ లైట్లలో అద్దం వైపు వచ్చే వేడి తక్కువ కాబట్టి హాలోజన్ కన్నా ఆలస్యంగా పోతుంది. కొత్త కారులో ఇది చూసి షోరూమ్‌ వారితో తగవు పడటంలో అర్థం లేదు. అడుగున బొట్లు నిలవడం మాత్రం వేరు. ఒకే ఊళ్లో, ఒకే వానలో కుడి లైటు పొడిగా ఉండి ఎడమది మాత్రమే తడుస్తోందంటే లోపం ఆ లైటులోనే ఉంది.

బల్బు మార్చిన తరువాత వెనుక రబ్బరు మూత సరిగా కూర్చోకపోవడం, అంచు మడత పడటం, ఒక్కొక్కసారి దాన్ని తిరిగి పెట్టడమే మరచిపోవడం తరచుగా జరిగేవే. ఫ్యాన్ ఉన్న ఎల్‌ఈడీ బల్బు వేయించినట్లయితే మూత పట్టక తీసేసి ఉండవచ్చు. ముందు బానెట్ ఎత్తి అది చూడండి. మూత సరిగా ఉంటే పైన చెప్పిన గాలి దారికి ఉండే గొట్టం ఊడిందా, మట్టితో పూడిందా అని చూడాలి. అదీ బాగుంటే లైటును బయటికి తీయించి, అతుకు పొడవునా సబ్బునీళ్లు రాసి, గాలి గొట్టం గుండా మెల్లగా ఊదించండి. బుడగలు లేచిన చోటే నీరు దూరుతున్న చోటు. అది దొరకకుండా ఎన్నిసార్లు ఆరబెట్టినా మరుసటి వానకు మళ్లీ అదే తంతు.

ఆరబెట్టేందుకు బ్యాటరీ తీగ విప్పి, బల్బు తీసి, హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఉంచి వెనుక రంధ్రం నుంచి గాలి కొట్టాలి. బల్బు వెలుగును ముందుకు మళ్లించే లోపలి రిఫ్లెక్టర్‌ను గుడ్డతో తుడవకండి. దాని మీది అల్యూమినియం పూత చాలా పల్చనిది, గీతలు పడితే వెలుగు తగ్గుతుంది. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో తాకకూడదు. అతుకు విడిపోయి ఉంటే హెడ్‌లైట్ అతుకులకు వాడే రబ్బరు వంటి జిగురు, బ్యూటైల్ సీలెంట్‌తోనే మూయించాలి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే బాత్‌రూమ్ సిలికాన్ వాడితే ఆ ఆవిర్లు రిఫ్లెక్టర్‌ను మసకబారుస్తాయి. సిలికా జెల్ పొట్లాలు కొద్దికాలమే పని చేస్తాయి, తేమతో నిండాక వాటి వల్ల ప్రయోజనం లేదు. రంధ్రం పెడితే నీరు పోయే మాట నిజమే, కానీ అదే దారిన రోడ్డు మీది బురద, ఉప్పుగాలి లోపలికి వచ్చి బల్బు హోల్డర్ తుప్పు పడుతుంది. రిఫ్లెక్టర్ పూత లేచిపోయినా, అద్దం పగిలినా మాత్రం కొత్త లైటు తప్పదు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. మా పాత కారు హెడ్‌లైట్లు పసుపు పచ్చగా మసకబారాయి, ఎంత కడిగినా పోవడం లేదు. ఇది కూడా లోపలి తేమేనా?

జవాబు: కాదు. ఇది బయటి వైపు వచ్చే మార్పు. అద్దం అని మనం పిలిచేది పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దాని పై రక్షణ పూత పాడై రంగు మారుతుంది. తడి సాండ్‌పేపర్‌తో, ముతక నుంచి నునుపుకు వెళుతూ రుద్ది, పాలిష్ పట్టించి, ఆ కిరణాలను అడ్డుకునే క్లియర్ కోట్ మళ్లీ వేయించాలి. పాలిష్‌తో ఆపేస్తే ఆ మెరుపు ఎక్కువ కాలం నిలవదు.