బబుల్స్ దిద్దడమేనా లెక్కలంటే?

ప్రశ్న: ఎస్జీటీని (ప్రాథమిక బడి టీచర్ని), మూడో తరగతి నాది. జాతీయ సర్వే ఉందంటే చాలు, నెల ముందునుంచే రోజూ ఓఎంఆర్ (జవాబు బబుల్స్ దిద్దే షీటు) ప్రాక్టీసు చేయించమంటారు. మరోపక్క మండలం టీఎల్ఎం (బోధనోపకరణాల) మేళాకి చార్టులు, మోడళ్లు. ఇక పాఠం ఎప్పుడు చెప్పను? సర్వేలో వెనకబడితే నన్నే అంటారని టెన్షన్.
– పేరు వద్దన్న టీచరు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. 2021 నవంబరు 12న జరిగిన న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) గానీ, 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు పెట్టిన పరఖ్ (న్యాస్‌కే కొత్త పేరు) గానీ శాంపిల్ సర్వేలు. కొన్ని బడుల్ని ఎంచుకుని జిల్లాలో, రాష్ట్రంలో చదువెలా ఉందో చూస్తారు, అంతే. ఏ పిల్లాడికీ మార్కులు రావు, బడికి ర్యాంకూ రాదు. దానికోసం నెలంతా రుద్దించడం జ్వరమొచ్చినవాడికి గోలీ వేసి థర్మామీటరు పెట్టడమే. బబుల్ ఎలా దిద్దాలో చూపించడానికి ఒక్క పీరియడు చాలు.

ఆ పరీక్షల మీద నాకు పగేం లేదు. చిక్కల్లా, తప్పు ఉందని చెబుతాయి గానీ అది ఎక్కడ పుట్టిందో చెప్పవు. 'నూట అయిదు' రాయమనండి, 1005 రాసేవాళ్లు మీ క్లాసులోనూ ఉంటారు. పాపం వాడు విన్నది విన్నట్టే రాశాడు, వంద రాసి పక్కన అయిదు పెట్టాడు! అదే నాలుగు ఆప్షన్లిస్తే గుడ్డిగా 105 దిద్దేయొచ్చు, మీకా సంగతే తెలియదు. పలక చూస్తేనే దొరుకుతుంది. అప్పుడు ఆటనోట్లు వాడి చేతికే ఇచ్చి 105 రూపాయలు లెక్కపెట్టమనండి. వంద నోటు ఒకటి, రూపాయి నోట్లు అయిదు, పదుల గడిలో పెట్టడానికేమీ లేదు. అక్కడ సున్నా ఎందుకో వాడే చెబుతాడు.

నా లెక్కలో టీఎల్ఎం అంటే అదే. మేళాకి థర్మోకోల్ మోడల్ పట్టుకెళ్లండి, కాదనను (ఫొటోలు దిగాలి కదా), కానీ పిల్లలు ముట్టుకుంటే చిరుగుతుందని మనమే అదిలించే చార్టు ఎవరికోసమండీ?

ప్రశ్న: మా అబ్బాయిది ఏపీ సర్కారు బడి. టెక్స్ట్‌బుక్కులో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. ట్యూషన్‌లో గైడు కొనమంటున్నారు. కొననా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: వద్దు. ముందు తెలుగు పేజీ చదివించి, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. తరవాత ఇంగ్లిషు పేజీ. ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనండి.