రాతి అనాసపండు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

స్కాట్లాండ్‌లో ఫాల్కిర్క్ దగ్గరి డన్‌మోర్ ఎస్టేటులో ఉన్న అనాస మండపం మీద నువ్వు రాసింది శ్రద్ధగా చదివానమ్మా. మొదటి పేజీ నిండా నీ ఆశ్చర్యమే. తోట గోడ నడుమ సుమారు 14 మీటర్ల ఎత్తున రాతి అనాసపండు లేచి కనిపిస్తే ఎవరైనా నిలబడిపోతారు, నిజమే. కానీ నువ్వు ఆశ్చర్యపోయానని చెప్పినంత మాత్రాన చదివేవాళ్ళకి ఆశ్చర్యం కలగదు. ఆ కట్టడం చేసిన పని చూపించు. ఏ అలంకారం వెనక ఏ పని దాగుందో, తోట కట్టడాల్లో నేను మొదట వెతికేది అదే.

ఆకుల దగ్గర మొదలుపెట్టు. ఆ దేశపు చలికి రాతిలో నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బి, రాయిని పగలగొడుతుంది. వంపు తిరిగిన రాతి ఆకంటే నీళ్ళు పట్టే దొప్పే కదా! అందుకే అక్కడి రాతిపనివాళ్ళు ఏ ఆకుకి ఆ ఆకుకే వాటం ఇచ్చి, నీరు బయటికి పోయే దారి పెట్టారు. పండు మీది బొడిపెలు కూడా చుక్క ఆగకుండా జారిపోయేలా చెక్కినవే. ఇన్నేళ్ళ మంచుకి తట్టుకుని ఆ సన్నని అంచులు నిలిచాయంటే ఆ వాటమే పెద్ద కారణం. ఈ ఒక్క సంగతికి పేజీ ఇచ్చినా తక్కువే. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

గోడ మీది కలశాల్ని అందమైన శిల్పాలన్నావు. అవి పొగగొట్టాలమ్మా. కింద కొలిమి మండేది, పక్క గోడలు లోపల బోలుగా ఉండి వేడిగాలిని మొక్కలున్న అద్దాల గదుల దాకా మోసేవి, పొగ ఆ కలశాల్లోంచి పోయేది. అంత ఖర్చు ఎందుకో కూడా చెప్పాలి. మన పాఠకులకి అనాస సీతంపేట కొండల నుంచి సంతకి దిగే పండు. 18వ శతాబ్దపు బ్రిటన్‌లో ఒక్క కాయ పండాలంటే రెండు మూడేళ్ళు పట్టేది. తోళ్ళు ఊనడానికి వాడేసిన చెట్టు బెరడు పులిసి వేడెక్కుతుంటే అందులో కుండీలు దింపి కాపలా కాసేవాళ్ళు. జమీందారుకి అది తినే పండు కంటే చూపించుకునే పండు.

తేదీ దగ్గర తొందరపడకు. దక్షిణం వైపు ముఖద్వారం కమాను నడిమి రాయి మీద 1761 అని ఉంది. అది కింది భాగానికి సాక్ష్యం. పైనున్న పండు, నాలుగో ఎర్ల్ ఆఫ్ డన్‌మోర్ జాన్ మర్రే అమెరికా నుంచి తిరిగొచ్చాక చేర్చిందని కొందరంటారు. కట్టించినవాడి పేరు తెలుసుగానీ గీసినవాడి పేరు తెలియదు. ఆ కాలపు వాస్తుశిల్పి విలియం ఛాంబర్స్ పేరు వినిపిస్తుంది, ఆధారం మాత్రం లేదు. నువ్వు ఆయన పేరు ఖాయంగా రాసేశావు, కొట్టెయ్.

ఆ మర్రే గురించి నీ వ్యాసంలో "ప్రభువు" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. బ్రిటిష్ రాజు తరఫున అమెరికాలోని వర్జీనియాకి ఆఖరి గవర్నరు ఆయనే. రాజు మీద తిరగబడ్డవాళ్ళ దగ్గరున్న బానిసలు తన సైన్యంలో చేరితే విడుదల చేస్తానని 1775 నవంబరులో ప్రకటించాడు. తన దగ్గర కూడా బానిసలున్నవాడే. ఈ రెండూ పక్కపక్కనే పెట్టు, వ్యాఖ్య అక్కర్లేదు. నావికులు తిరిగొచ్చారనడానికి గుర్తుగా గుమ్మం దగ్గర అనాస గుచ్చేవాళ్ళన్న ముచ్చట రాయాలనిపిస్తే, కథగానే చెప్పు.

ఇంకో మాట. నీ వర్ణనంతా దక్షిణం వైపు నుంచే. ఉత్తరాన నేల ఎత్తు కాబట్టి అటు ఒక్క అంతస్తే కనిపిస్తుంది, పండు కింది గది పచ్చికలోకే తెరుచుకుంటుంది, అటూ ఇటూ తోటమాలుల గదులు. 1973లో పాత కట్టడాల్ని కాపాడే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ లీజుకి తీసుకుని బాగుచేయించాక ఆ గదుల్లోనే జనం సెలవులకి దిగుతున్నారు. ఒక గదిలోంచి ఇంకో పక్క గదికి పోవాలంటే ఆరుబయట నడవాల్సిందే. ఈసారి అటు నుంచి చూసి రాసి, సంక్రాంతి లోపు పంపు.