వహాకా కొండల్లో బడి కట్టడానికి వెళ్లమంటారా?

శీర్షిక: ఇంజనీరు గారిని అడగండి
(పంచాయతీరాజ్ శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీరు పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: సార్, రెండేళ్లుగా మెక్సికోలోని గ్వాదలహారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో కొందరు ఏటా ఈస్టర్ వారం సెలవుల్లో వహాకా రాష్ట్రంలోని ఏదో ఒక కొండ ఊరికి వెళ్లి, బడికి ఒక గది కట్టి వస్తారు. ప్రయాణం, తిండి, సిమెంటు వాటా కలిపి మనిషికి 12 వేల పెసోలు. ఈసారి నన్నూ రమ్మంటున్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక తాపీ పట్టలేదు. మా నాన్నేమో "ఆ డబ్బుతో మన ఊరి బడికి బెంచీలు కొనొచ్చు కదరా" అంటున్నారు. వెళ్లమంటారా? లేక ఆ డబ్బు ఎవరికైనా స్కాలర్‌షిప్‌గా ఇవ్వమంటారా?
— ఒక పాఠకుడు, గ్వాదలహారా

జవాబు: బాబూ, మా అమ్మాయి ఉండేదీ మీ ఊళ్లోనే. 2019లో మూడు నెలలు దాని దగ్గరున్నాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. ఏప్రిల్ చివర్లో దాని ఆఫీసు బృందం అచ్చంగా ఇలాంటి పనికే వహాకా బయల్దేరితే నేనూ బస్సెక్కాను. పద్నాలుగు మందిమి. అందులో సిమెంటు సంచి మోసిన అనుభవం ఉన్నది నా ఒక్కడికే, నాకు అప్పటికి అరవై నాలుగేళ్లు.

అక్కడ తాపీ మేస్త్రిని "మాయెస్త్రో" అంటారు. బడి పంతులునీ మాయెస్త్రో అనే అంటారు. మన మేస్త్రి అన్న మాట పోర్చుగీసు వాళ్ల నోటి నుంచి వచ్చింది కాబట్టి ఈ రెండు మాటలూ అన్నదమ్ములే. ఈ సంగతి అమ్మాయి చేత చెప్పిస్తే ఆ మాయెస్త్రో తెగ సంబరపడి నాకు తాపీ ఇచ్చాడు. పది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నాడు. తప్పు నాదే. మనం ముందు పిల్లర్లు లేపి తర్వాత గోడలు కడతాం. వాళ్లు ముందు గోడలు లేపుతారు. మూలల్లో సందు వదిలి, ఆ సందు వైపు ఇటుకల అంచుల్ని పళ్లలా ముందుకీ వెనక్కీ ఉంచుతారు. ఆ సందులో ఊచలు నిలబెట్టి, చెక్క కొట్టి, కాంక్రీటు పోస్తారు. ఆ పిల్లర్లని కస్తీయోలంటారు. "ఇదేం తిరకాసు పనిరా" అని నవ్వాను. తర్వాత తెలిసింది, అది భూకంపాల దేశపు పద్ధతి. పోసిన కాంక్రీటు ఇటుక పళ్లలోకి దిగి, గోడా పిల్లరూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 2017 సెప్టెంబర్ 7న 8.2 తీవ్రతతో భూమి కంపించి వహాకాలో ఎన్నో బడులు కూలాయి. మేం వెళ్లిన ఊళ్లో పాత మట్టి గోడల గది కూడా అప్పుడే బీటలిచ్చింది. రెండేళ్లు కావస్తున్నా పిల్లలు రేకుల షెడ్డులోనే కూర్చుంటున్నారు.

మీరు తాపీ పట్టక్కర్లేదు. బకెట్లు అందించడం, ఇసుక జల్లెడ పట్టడం, నీళ్లు మోయడం, పనంతా ఇదే. మే 3న మేస్త్రీల పండగ. కడుతున్న ప్రతి కట్టడం మీదా పూలు, రంగు కాగితాలు చుట్టిన శిలువ నిలబెడతారు. ఆ పూట అందరికీ విందు. మన దగ్గర స్లాబు పోసిన రోజు కూలీలకు బిర్యానీ పెట్టడం గుర్తొచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ గది మేం లేకపోయినా లేచేదే. వహాకా కొండ ఊళ్లలో "తెకియో" అని ఒక ఆచారం ఉంది. ఇంటికొక మనిషి కూలి లేకుండా ఊరి పనికి రావాలి. రాకపోతే జరిమానా కట్టాలి, లేదా బదులు మనిషిని పెట్టాలి. లాస్ ఏంజెలెస్‌లో గిన్నెలు కడుగుతున్న కొడుకు కూడా డబ్బు పంపి తన బదులు ఒకణ్ణి పెట్టిస్తాడు. "ఇది వెట్టి కాదా?" అని అడిగాను. ఏ పని చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో ఊరి సభలోనే తేలుస్తారట, పెద్దల ఇళ్లకూ మినహాయింపు లేదట. జన్మభూమి రోజుల్లో మేమూ శ్రమదానం చేయించాం. ఫొటో దిగాక పారలు కింద పడేవి. అక్కడ చీకటి పడ్డాకే పారలు దించారు.

మరి మేం చేసిన సాయమేంటి? సిమెంటు, ఊచల డబ్బు. అది నిజమైన సాయమే. దానికి బదులుగా ఊరికి పెట్టిన ఖర్చు కూడా చెప్పాలి. మా పద్నాలుగు మందికి మూడు పూటలా రొట్టెలు కాల్చడానికి ఐదుగురు ఆడవాళ్లు తెల్లారి నాలుగింటికే లేచేవారు. వాళ్లు ఆ వారం పొలం పని మానుకున్నారు. మా ప్రయాణం లెక్కలో ఆ కూలి ఎక్కడా పడలేదు. ఈస్టర్ వారమైతే ఇంకా కష్టం. శుక్రవారం ఊరంతా ఊరేగింపులో ఉంటుంది, మీకు వంట చేసేదెవరు? మీ వాళ్లతో చెప్పి తేదీ మార్పించండి.

నేను కట్టిన గది కథ కూడా వినండి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నది దాని లక్ష్యం. ఆ పథకం కింద తూర్పు ఏజెన్సీలో వాగు అవతలి గూడెంలో ఒక బడి కట్టాను. ఇసుక తలల మీద మోయించాం. పని మాత్రం శుభ్రంగా చేశానని ఇప్పటికీ చెప్పగలను. రెండేళ్ల తర్వాత అటు వెళ్తే గదిలో చింతపండు మూటలున్నాయి. టీచరు రాలేదు. వచ్చినా ఉండటానికి ఇల్లు లేదు, వానాకాలం వాగు దాటే దారి లేదు. నా రికార్డులో మాత్రం ఆ బడి "పూర్తయింది".

అందుకే మీ బృందాన్ని మొదట అడగాల్సింది గోడ గురించి కాదు, "క్లావె" గురించి. మెక్సికోలో ప్రతి బడికీ విద్యాశాఖ ఇచ్చే కోడ్ అది. మన బడులకు యూడైస్ కోడ్ ఎలాగో అలా. క్లావె లేకపోతే ఆ గదికి సర్కారు పంతులు రాడు, పిల్లల సర్టిఫికెట్ చెల్లదు. రెండో ప్రశ్న: పాఠం చెప్పేదెవరు, వాళ్లు ఎక్కడ పడుకుంటారు?

ఈ రెండో ప్రశ్నని మెక్సికో వాళ్లు మనకన్నా ముందే పట్టుకున్నారు. బడులు కట్టడానికి 1944లో కేంద్రం ఒక కమిటీ వేసింది. అందులో పనిచేసిన ఆర్కిటెక్ట్ పెద్రో రమిరెస్ వాస్కెస్ ఒక పల్లె బడి నమూనా తయారుచేశాడు. తరగతి గదికి ఆనుకునే పంతులు ఇల్లు. ఇనుప చట్రం ముక్కలు ముక్కలుగా కొండెక్కుతుంది. గోడలు మాత్రం ఆ ఊళ్లో దొరికే రాయితోనో ఇటుకతోనో ఊరివాళ్లే కట్టుకుంటారు. 1960లో మిలాన్ ప్రదర్శనలో దానికి పెద్ద బహుమతి వచ్చింది. మెక్సికో నగరంలో మీరు చూసే ఆంత్రపాలజీ మ్యూజియం, అస్తెకా ఫుట్‌బాల్ స్టేడియం కూడా ఆయనవే. నా ఓటు మాత్రం ఆ రెండు గదుల బడికే.

మేం వెళ్లిన ఊళ్లో పంతులమ్మకి పంతొమ్మిదేళ్లు. కొనాఫె అనే ప్రభుత్వ సంస్థ పంపింది. 1971లో పెట్టారు దాన్ని. రెగ్యులర్ టీచరు వెళ్లని చిన్న చిన్న ఊళ్లకు, చదువు ముగించిన కుర్రాళ్లను, అమ్మాయిల్ని ఏడాదికో రెండేళ్లకో పంపుతుంది. తిండీ, నీడా ఊరివాళ్లవి. తర్వాత ఆ పిల్లల పైచదువుకి నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. ఆ అమ్మాయి రోజుకొక ఇంట్లో తినేది. మన పెద్దలు వారాలు చేసుకుని చదువుకున్నారు, ఈమె వారాలు చేసుకుని చదువు చెబుతోంది! మీరు స్వచ్ఛంద సేవకులని ఎవరిని అంటున్నారో గానీ, నాకు మాత్రం ఆ పిల్లే కనిపించింది. మేం వారం ఉండి వచ్చాం, ఆ పిల్ల రెండేళ్లు ఉండటానికి వచ్చింది.

స్కాలర్‌షిప్ మాటకొస్తే, ఆరో తరగతి దాకా ఊళ్లోనే గడిచిపోతుంది. తర్వాత మూడేళ్లకు టెలిసెకుందారియా ఉంది. 1968 నుంచి నడుస్తున్న టీవీ పాఠాల బడి. అన్ని సబ్జెక్టులకూ ఒక్కరే టీచరు. దేశంలో ఆ వయసు పిల్లల్లో సుమారు ఐదో వంతు ఇందులోనే చదువుతారు. గండం ఆ తర్వాతే. పది, పదకొండు, పన్నెండు తరగతులకు చాలా ఊళ్ల పిల్లలు కింద టౌనుకు దిగాలి. బస్సు చార్జీ, గది అద్దె, పూటకూళ్లు. ఫీజు లేకపోయినా ఇవి తప్పవు. ఈ మూడేళ్లకు 2019లో ప్రభుత్వం ఒకప్పటి దేశాధ్యక్షుడు బెనీతో హువారెస్ పేరిట నెలకు 800 పెసోల స్కాలర్‌షిప్ పెట్టింది. మీ 12 వేలని 800తో భాగించి చూడండి. పదిహేను నెలలు వస్తుంది.

సాన్ మిగేల్ దె అయెందే అనే ఊళ్లో రిటైరైన అమెరికా, కెనడా వాళ్లు చాలామంది స్థిరపడ్డారు. వాళ్లు చుట్టుపక్కల పల్లె పిల్లలకు ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నారు. అక్కడే ఫీడ్ ది హంగ్రీ అనే సంస్థ బడుల్లో వంటశాలలు కట్టి మధ్యాహ్న భోజనం పెడుతుంది. వాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి పిల్ల బడి మానేస్తే తెలుస్తుంది, ఎందుకు మానిందో కనుక్కోగలుగుతారు. మీకూ అలాంటి మనిషొకరు కావాలి.

కాబట్టి నా సలహా ఇది. ఒక పిల్లకి మూడేళ్లూ కట్టగలిగితేనే స్కాలర్‌షిప్ మొదలుపెట్టండి. రెండో ఏడు మధ్యలో ఆపేస్తే, అప్పటికే గది అద్దెకు తీసుకుని అప్పులో ఉన్న తండ్రిని నట్టేట ముంచినట్టే. డబ్బు పిల్ల తల్లి చేతికి, టర్ము మొదట్లో అందాలి. 1997లో పేద కుటుంబాల కోసం వచ్చిన ప్రోగ్రెసా పథకంలో మెక్సికో ప్రభుత్వం కూడా డబ్బు తల్లుల చేతికే ఇచ్చింది. ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు మగపిల్లల కన్నా ఎక్కువ ఇచ్చింది, వాళ్లే ముందు మానేస్తున్నారని.

ఇది కుదిరాక, ఊరి సభ పిలిస్తే ఒక్కసారి వెళ్లి బకెట్లు మోసి రండి. చేతికి గ్లవుజులు తీసుకెళ్లండి. సున్నం కలిపిన మాలు వేళ్లు తినేస్తుంది. ఇక నాన్నగారి బెంచీలంటారా, అది వేరే పద్దు. దాన్ని దీంతో ముడిపెట్టి రెండూ ఎగ్గొట్టకండి.

ప్రశ్న: అంకుల్, మేం డాలస్‌లో ఉంటాం. మా పక్కింటావిడది మెక్సికోలోని సకతేకస్. అమెరికాలో తమవాళ్లు ఊరి సంఘాలు పెట్టుకుని బడులు కట్టించారని, ఒక డాలరు వేస్తే సర్కారు మూడు వేసేదని చెప్పింది. నిజమా?
— ఒక గృహిణి, డాలస్

జవాబు: నిజమేనమ్మా. దాన్ని మూడుకి ఒకటి అనేవారు. మొదట సకతేకస్‌లోనే మొదలై, 2002లో దేశమంతటికీ వచ్చింది. వలస వెళ్లినవాళ్ల సంఘం ఒక వంతు వేస్తే కేంద్రం, రాష్ట్రం, మునిసిపాలిటీ తలా ఒక వంతు. రోడ్లు, మంచినీళ్లు, బడి గదులు, స్కాలర్‌షిప్‌లు అన్నీ వచ్చాయి. చర్చి మరమ్మతులు, గుర్రపు స్వారీ ఆటల గోదాలు కూడా వచ్చాయి. మనవాళ్లు ఊరి ముందు ముఖద్వారం కట్టించడం లేదూ, అలాగే. నాకు కనిపించిన లోపం ఇంకొకటి. అమెరికాలో మనిషి ఉన్న ఊరికే డబ్బు వెళ్లింది. కొడుకుని సరిహద్దు దాటించడానికి కూడా గతిలేని ఊరికి ఆ మొదటి డాలరు వేసేవాడు లేడు, కాబట్టి మిగతా మూడూ లేవు. కొన్నేళ్ల కిందట కేంద్రం తన వాటా ఆపేసింది. సంఘాలు మాత్రం ఉన్నాయి. మీ పక్కింటావిడని వాళ్ల సంఘం పద్దు పుస్తకం చూపించమనండి. మన సంఘాలకు నేర్చుకోవడానికి ఏమైనా దొరకొచ్చు.

ప్రశ్న: సార్, పాడేరు దగ్గర టీచర్ని. మా పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, బడిలో తెలుగు. మెక్సికోలో కొండజాతుల పిల్లలకు వాళ్ల భాషలో చెబుతారా?
— ఒక ఉపాధ్యాయిని, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: చట్టం ప్రకారం చెప్పాలమ్మా. 2003 చట్టం అక్కడి ఆదివాసీ భాషల్ని జాతీయ భాషలుగా గుర్తించింది. అవి 68 అని లెక్క. ద్విభాషా బడులున్నాయి. 1959 నుంచి ఉచితంగా ఇస్తున్న పాఠ్యపుస్తకాల్లో ఆదివాసీ భాషలవీ ఉన్నాయి. చిక్కెక్కడంటే, వహాకా ఆదివాసీల భాషకి జపోతెక్ అని ఒక పేరే గానీ ఒక కొండ జపోతెక్ ఇంకో కొండకి అర్థం కాదు. జపోతెక్ పంతులునే పంపామని పై వాళ్లు అనుకుంటారు, తీరా అక్కడ పిల్లలకీ ఆయనకీ మధ్య స్పానిషే మిగులుతుంది. దేశానికి అధ్యక్షుడైన బెనీతో హువారెస్ కూడా వహాకాలోని గెలతావ్‌లో జపోతెక్ ఇంట పుట్టినవాడే. చిన్నప్పుడు ఆయనకు స్పానిష్ రాదు.

పైన చెప్పిన పంతొమ్మిదేళ్ల పంతులమ్మకీ ఆ ఊరి భాష రాదు. రోజుకొక ఇంట్లో తింటుంది కదా, ఆ పూట విన్న కొత్త మాటల్ని ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఏ మాట ఎవరింట్లో నేర్చుకుందో పక్కనే ఆ ఇంటి పేరు. మర్నాడు బడిలో ఆ మాట బోర్డు మీద రాస్తే, ఆ ఇంటి పిల్ల లేచి అందరి చేతా పలికించేది. తప్పు పలికితే ముందు నవ్వేది ఆ పిల్లే.

మీ పిల్లలు చెప్పిన కువి కథలేమైనా తెలుగు లిపిలో రాసి పంపండి. పత్రికలో వేయమని ఎడిటర్ గారిని నేను అడుగుతాను.