పాత కారుకి టైర్ ప్రెషర్ సెన్సర్లు మార్పించాలా? మార్పించండి, వాల్వు మూతలు మాత్రం ప్లాస్టిక్‌వే పెట్టండి

2013 మోడల్ కారు, డ్యాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ లైటు ఆరడం లేదు, సెన్సర్లు కొత్తవి వేయించాలా లేక లైటు మీద టేపు అంటించేసి తిరగొచ్చా, ఎంతవుతుంది అని అడిగారు. టేపు మాత్రం వద్దండి. నేను టేపు వేయలేదు గానీ ఎనిమిది నెలలు ఆ లైటుని చూడటం మానేశాను. రెండూ ఒకటే.

మాది కోనసీమలో రాజోలు దగ్గర. కారు మీ కారు వయసుదే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్టార్ట్ చేయగానే ఆ పసుపు లైటు ఓ నిమిషం మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలుగుతూ ఉండేది. చాలా కార్లలో అలా ముందు మిణుకుమంటే గాలి తగ్గిందని కాదు, ఏదో ఒక చక్రంలో సెన్సరు పలకడం లేదని. చక్రం లోపల వాల్వుకి బిగించి ఉండే ఆ చిన్న డబ్బాలో బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది, మొత్తం సీలు చేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే వదిలేశాను. తెలియనిది ఏమిటంటే, ఒక సెన్సరు చచ్చిపోయి ఎప్పుడూ వెలిగే లైటుకీ, రేపు ఇంకో చక్రంలో నిజంగా గాలి దిగిపోతే వెలిగే లైటుకీ తేడా ఉండదు. అదే లైటు, అదే చోటు.

పోయిన కార్తీకంలో అమ్మకి రాజమండ్రిలో కళ్లు చూపించి తిరిగొస్తున్నాం. రావులపాలెం, కొత్తపేట దాటి పి.గన్నవరం అక్విడెక్టు వంతెన దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఎడమ పక్క కాలువ, కుడి పక్క కొబ్బరితోట, ఎదురుగా లారీల లైట్లు. స్టీరింగ్ కాస్త ఎడమకి లాగుతోంది, రోడ్డు వాలుగా ఉందేమో అనుకున్నాను. ట్యూబ్‌లెస్ టైరు కదా, గాలి సగానికి దిగినా లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. "ఏదో రబ్బరు కాలిన వాసన వస్తోందిరా" అని అమ్మే అంది. దిగి ఫోను వెలుగులో చూస్తే ముందు ఎడమ టైరు పక్కగోడ నలిగిపోయి నల్లటి పొడి రాలుతోంది, రిమ్ము నేలకి రెండు వేళ్ల ఎత్తులో ఉంది. అది కాలువ వైపు చక్రం. ఇంకో కిలోమీటరు అలాగే వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. కంట్లో చుక్కలు వేయించుకున్న మనిషిని చీకట్లో గట్టు మీద నిలబెట్టి స్టెప్నీ మార్చాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది, 2020 అక్టోబరు నుంచి ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ సెన్సర్లు, రిపేరు కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్రం రూలు మార్చింది. ఏడెనిమిదేళ్లకి ఆ సెన్సర్లు చచ్చిపోతే, పక్కగోడ నలిగిన టైరుకి రిపేరు కిట్టు ఏం చేస్తుంది? నాకు అస్సలు నచ్చని రూలు.

మర్నాడు టైరు షాపుకి తీసుకెళ్లాను. అక్కడ పెద్దాయన ఒకరు, నేను బాబాయ్ అంటాను, వాల్వు మూత తీయబోతే రాలేదు. పాత ఓనరు అందం కోసం మెరిసే లోహపు మూతలు పెట్టించాడు. పట్టకారుతో తిప్పితే మూతతో పాటు వాల్వు కాడ కూడా విరిగి చేతికొచ్చింది. లోపలంతా తెల్లటి పొడి. "ఇదిగోండి, ఉప్పు తినేసిందండి. గాలి ఇక్కడినించే పోతంది" అన్నాడు. నా సెన్సర్ల కాడ అల్యూమినియం. దానికి లోపల గాలిని ఆపే ఇత్తడి పిన్నో, పైన ఇత్తడి మూతో తగిలించి, మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కరిగి పొడైపోతుంది. మిగతా మూడు చక్రాలు విప్పితే రెండింటికి అదే పొడి.

మన దగ్గర ఉప్పుకి కొదవా? సముద్రపు గాలి ఒకటి, రొయ్యల లారీలు దారి పొడవునా కార్చుకుంటూ పోయే నీళ్లు ఒకటి. ఇంకోటి ఎవరూ పట్టించుకోరు, గాలి కొట్టే కంప్రెసరు ట్యాంకులో నీరు చేరుతుంది, అడుగున ఉన్న కాక్ తిప్పి రోజూ వదిలేయాలి. వదలకపోతే ఆ నీళ్లే టైరులోకి వెళ్లి లోపలి నుంచి తినేస్తాయి. బంకుల్లో అయితే గాలి ఉచితం అని బోర్డు ఉంటుంది, హోసు ఉండదు. హోసు ఉంటే మీటరు పని చేయదు. మా కోనసీమలో లోహపు మూత ఉన్న ఏ సెన్సరూ పదేళ్లు బతకదు, ఇది నేను రాసిస్తాను.

అందుకే నాలుగూ ఒకేసారి మార్పించండి, వీలైతే టైర్లు మార్చేటప్పుడే. విప్పే కూలీ కలిసొస్తుంది. కొనేముందు ఫ్రీక్వెన్సీ చూసుకోండి, మన కార్లకి ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్, అమెరికా సరుకులో 315 ఎక్కువ, తప్పుది కొంటే కారుకి వినపడదు. ప్రతి సెన్సరు మీద ఒక నంబరు ఉంటుంది, టైరులోకి పోకముందే ఏ చక్రానిది ఏదో ఫోటో తీసిపెట్టుకోండి. కొన్ని కార్లు కాసేపు నడిపితే తమంతట తామే ఆ నంబర్లు నేర్చుకుంటాయి, కొన్నింటికి స్కానర్ పెట్టి ఎక్కించాలి. నాది రెండో రకం, రాజోలులో ఆ స్కానర్ లేక భీమవరం వెళ్లాల్సి వచ్చింది. మెషీన్ మీద టైరు విప్పేటప్పుడు నొక్కే పలక వాల్వుకి దూరంగా ఉండాలి, దగ్గర నిలబడి చెప్పండి, కొత్తది విరిగితే ఎవరూ డబ్బులు ఇవ్వరు. వాల్వు నట్టు గాలి గన్నుతో బిగించనివ్వకండి. పంచర్ రాకుండా పోసే జిగురు ద్రవం పోయించకండి, సెన్సరు రంధ్రం మూసుకుపోవచ్చు. పిన్నులు నికెల్ పూత ఉన్నవి, మూతలు నల్ల ప్లాస్టిక్‌వి.

బయట మూతలా బిగించే చవక సెన్సర్లు కూడా ఉన్నాయి. గాలి ఎంతుందో చూపిస్తాయి గానీ మీ డ్యాష్‌బోర్డు లైటు ఆరదు, పైగా అవీ వాల్వు మీదే కూర్చుంటాయి.

ఖర్చు అడిగారు కదా, నాకు సెన్సర్లు నాలుగూ పదకొండు వేలు, బిగించి స్కానర్ పెట్టినందుకు పద్దెనిమిది వందలు. పాడైన టైరు వేరే. లైటు భీమవరంలోనే ఆరిపోయింది.