మలేరియా మందు రాసే ముందు

అమ్మా,

ఆశీస్సులు. పరీక్షలో నెగెటివ్ వచ్చినా మలేరియా మందు రాయమని రోగుల బంధువులు పట్టుబడుతున్నారని రాశావు. చికిత్స నియమాలు తెలియక తప్పు రాసేవారికంటే, అన్నీ తెలిసి కూడా ‘ఎందుకైనా మంచిది’ అని రాసేసేవారినే నేను ఎక్కువగా చూశాను. అందుకే ముందు ఆ నెగెటివ్ సంగతే చెబుతాను.

మలేరియా అనుమానం ఉన్న ప్రతి రోగికీ రక్తపరీక్షతో నిర్ధారించుకున్నాకే మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నుంచి చెబుతోంది. చుక్క రక్తంతో అక్కడికక్కడే ఫలితం చూపే ర్యాపిడ్ కిట్ వాడేటప్పుడు, బఫర్ అనే ద్రావణం వేసిన వేళను కిట్ మీదే రాసిపెట్టి, కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన సమయానికే ఫలితం చూడు. తొందరపడితే సన్నని గీత కంటికి ఆనకపోవచ్చు, మరీ ఆలస్యమైతే లేని గీత ఉన్నట్టు కనిపించవచ్చు. కిట్ సరిగా పనిచేసిందని తెలిపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, ఇంకో కిట్ తియ్యాల్సిందే. ఫాల్సిపారం అనే జాతి మలేరియా పరాన్నజీవిని పట్టే కిట్లలో చాలావరకు గుర్తించే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్ చికిత్స తర్వాత కూడా కొన్ని వారాలపాటు రక్తంలో ఉండిపోతుంది కనుక, ఈమధ్యే మందు వాడిన రోగికి మళ్ళీ పాజిటివ్ వస్తే రక్తపు స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద చూపించనిదే ఒక నిర్ణయానికి రాకు.

నెగెటివ్ వచ్చినప్పుడు అసలు కారణం వెతకాలి: ఊపిరి వేగం లెక్కపెట్టు, చెవులు, గొంతు చూడు, మూత్రంలో మంట ఉందేమో అడుగు. ఇక్కడ మలేరియా మందు రాసేస్తే ఇంటివాళ్ళు నిశ్చింతగా వెళ్ళిపోతారు, లోపల న్యుమోనియా ముదిరిపోతుంది. అనుమానం తీరకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ పరీక్ష చేయి. బంధువులకు ఆ మాటే చెప్పి, ఎప్పుడు రావాలో చీటీ మీద రాసివ్వు, చాలామంది ఒప్పుకుంటారు.

పాజిటివ్ అయితే ఏ జాతి పరాన్నజీవో చూసి, రోగిని తూచి మోతాదు నిర్ణయించు. వయసును బట్టి అంచనా వేస్తే బక్కపిల్లలకు ఎక్కువ, బొద్దుపిల్లలకు తక్కువ పడుతుంది. ఫాల్సిపారమ్‌కు ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్స (ఆ రకం మందుకు ఇంకో మలేరియా మందు జతచేసి ఇచ్చేది) మూడు రోజులు పూర్తిగా వాడాలి, ఆర్టెమిసినిన్ మాత్రను ఒంటరిగా ఎన్నడూ రాయకు. వైవాక్స్ అనే ఇంకో జాతిలో కాలేయంలో దాగిన రూపాలు మళ్ళీ జ్వరం తెప్పిస్తాయి కాబట్టి వాటిని చంపే ప్రిమాక్విన్ కూడా కావాలి. గర్భిణులకు, ఆరు నెలల లోపు పసివాళ్ళకు అది ఇవ్వకూడదు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి గనుక ముందే ఆ పరీక్ష చేయించు. మొదటి మోతాదు నీ కళ్ళ ముందే మింగించు, గంటలోపు వాంతి అయితే మళ్ళీ ఇవ్వు. ఆ మిశ్రమ మందుల్లో ఒకటైన ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్‌ను కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకోమని చెప్పడం చాలామంది మరిచిపోతారు.

మూర్ఛ (ఫిట్స్), స్పృహ తప్పడం, ఏమీ తాగలేకపోవడం, ఆయాసం, ముదురు రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా మాత్రలతో కాలయాపన వద్దు. ఆర్టెసునేట్ ఇంజెక్షన్ ఒక మోతాదు ఇచ్చి, అది వీలుకాకపోతే ఆరేళ్ళ లోపు పిల్లలకు మలద్వారం ద్వారా ఇచ్చే ఆర్టెసునేట్ పెట్టి, వెంటనే పెద్దాసుపత్రికి పంపు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చావో రిఫరల్ చీటీలో తప్పక రాయి.