పాఠకుల ప్రశ్నలు: సెంటర్ పనులు ఎక్కడిదాకా వచ్చాయి?

పట్టణాల నడిబొడ్డున ప్రభుత్వ నిధులతో జరుగుతున్న రోడ్లు, డ్రెయిన్లు, మార్కెట్ల పనుల గురించి గోదావరి డెల్టా నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సెంటర్‌లో ఏడాదిగా రోడ్డు తవ్విపెట్టారు. డ్రెయిన్లు కట్టారు గానీ కాంక్రీటు ఒక పక్కే పడింది. రెండో పక్క కరెంటు స్తంభాలు రోడ్డులోనే ఉన్నాయి. ఫుట్‌పాత్ లేదు, దీపాలు లేవు. అడిగితే 70 శాతం పని అయిపోయిందంటున్నారు. ఇదేం లెక్కండీ? – బట్టల వ్యాపారి, కోనసీమ

జవాబు: లెక్క తప్పు కాకపోవచ్చు. కానీ అది పని లెక్క కాదు, డబ్బు లెక్క. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సైటులో కొలతలు తీసి ఎం బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కిస్తారు. ఆయన పై అధికారి డీఈ వాటిని సరిచూస్తారు. దాని మీద కాంట్రాక్టరుకు పార్ట్ బిల్లు తయారవుతుంది. ఇలా ఎం బుక్‌లో ఎక్కిన విలువను మొత్తం అంచనాతో భాగించి శాతం చెబుతారు.

మీ పని 4 కోట్లదనుకుందాం. అందులో డ్రెయిన్లు, కల్వర్టులు 2 కోట్ల 10 లక్షలు, సీసీ రోడ్డు కోటీ 40 లక్షలు, స్తంభాలూ పైపులూ పక్కకు జరపడానికి 15 లక్షలు, ఫుట్‌పాత్, దీపాలకు 35 లక్షలు. డ్రెయిన్లు పూర్తిగా, రోడ్డు సగం అయితే 2 కోట్ల 80 లక్షలు. సరిగ్గా 70 శాతం. అయినా జనానికి సగం రోడ్డే దక్కింది. అసలు చిక్కు ఆ 15 లక్షల పద్దులో ఉంది. స్తంభాలు కదిలితే తప్ప రెండో పక్క రోడ్డు పడదు. రోడ్డు అంచు తేలితే తప్ప ఫుట్‌పాత్ రాదు. చిన్న పద్దు పెద్ద పద్దుల్ని పట్టి ఆపడం పట్టణ పనుల్లో రోజూ చూసేదే.

స్తంభాలు జరపడానికి మున్సిపాలిటీ విద్యుత్ పంపిణీ సంస్థకు లేఖ రాయాలి. వాళ్లు అంచనా వేసి పంపిస్తారు. ఆ మొత్తం డిపాజిట్ చేశాకే వాళ్ల మనుషులు వస్తారు. రోడ్డు టెండరు పిలిచే రోజే ఈ లేఖ కూడా వెళ్లాలి. చాలాచోట్ల కాంట్రాక్టరు తవ్వడం మొదలెట్టాకే గుర్తొస్తుంది.

కాబట్టి శాతం అడగకండి, తేదీలు అడగండి. స్తంభాల డిపాజిట్ ఎప్పుడు కట్టారు? ఎం బుక్‌లో చివరి కొలత ఏ రోజు ఎక్కింది? ఒప్పందం గడువు ఎప్పటితో తీరింది, పొడిగిస్తే జరిమానాతోనా, జరిమానా లేకుండానా? జరిమానా లేకుండా పొడిగించారంటే ఆలస్యం కాంట్రాక్టరుది కాదని శాఖే ఒప్పుకున్నట్టు. చివరి కొలత నెలల కిందటిదైతే కారణం చాలాసార్లు రెండింట్లో ఒకటి: పాత బిల్లుకు డబ్బు పడలేదు, లేదా కాంట్రాక్టరుకు పని చేసే చోటు అప్పగించలేదు. ఏదైనదీ తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎండాకాలమంతా ఊరుకుని, తొలకరి పడ్డాక డ్రెయిన్లూ కల్వర్టులూ తవ్వుతారు. ఏటా ఇదే తంతు. దీనికి సాంకేతిక కారణం ఏమైనా ఉందా, వట్టి నిర్లక్ష్యమేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ డెల్టా

జవాబు: సాంకేతిక కారణం ఉంది, అయితే అది మీ ఫిర్యాదుకే బలం. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువల్ని దాళ్వా (రబీ వరి) కోతలకొచ్చాక వేసవిలో కట్టేస్తారు. సార్వాకు (ఖరీఫ్ వరికి) మళ్లీ నీళ్లు వదిలేలోగా దొరికేది నెలన్నర, మహా అయితే ఇంకొన్ని రోజులు. కాలువ దాటే కల్వర్టు, గట్టు పక్క రిటైనింగ్ గోడ, కాలువ అడుగున దాటించే పైపు, ఇవన్నీ ఆ గడువులోనే కావాలి. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే ఊట నీరు వస్తుంది కాబట్టి పంపులతో తోడుతూనే పునాది వేయాలి. బెడ్ కాంక్రీటు, గోడలు, సెంట్రింగ్, స్లాబు వరసగా సాగాలి. స్లాబు పోశాక 4.5 మీటర్ల లోపు స్పానుకు (రెండు గోడల మధ్య దూరానికి) కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కింద నిలబెట్టిన ఆధారపు కర్రలు తీయకూడదని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అన్నీ కలిపితే చిన్న కల్వర్టుకే అయిదారు వారాలు.

అంటే కాలువ కట్టేసిన రోజుకే కాంట్రాక్టరు ఇనుము, కంకర సైటులో దింపి ఉండాలి. అంచనా, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, వీటికి తక్కువలో తక్కువ మూడు నెలలు. కాబట్టి ఫైలు డిసెంబరులో కదలాలి. ఆర్థిక సంవత్సరం చివర, మార్చిలో, హడావుడిగా మంజూరైన పనికి ఒప్పందం అయ్యేసరికి జూన్ వస్తుంది, కాలువలో నీళ్లు వస్తాయి. అప్పుడు కాంట్రాక్టరు కాలువతో సంబంధం లేని ముక్క, అంటే సెంటర్‌లో షాపుల ముందుది, తవ్వుతాడు. పని మొదలైనట్టు కనిపిస్తుంది, ఫొటోలకు బాగుంటుంది.

నష్టం అక్కడే. డ్రెయిన్‌ను నీరు వెళ్లిపోయే చివరి నుంచి ఎగువకు కట్టుకురావాలి. మన నేలకు వాలు చాలా తక్కువ. వెయ్యికి ఒకటి వాలు పెట్టినా 100 మీటర్లకు దక్కేది 10 సెంటీమీటర్లే. 600 మీటర్ల డ్రెయిన్‌కు చివర 60 సెంటీమీటర్ల లోతు అదనంగా కావాలి. సెంటర్‌లో ముందు కట్టేసి, చివర చూసుకుందాం అంటే, కలవాల్సిన మురుగు కాలువలో వానాకాలపు నీటిమట్టం మీ డ్రెయిన్ అడుగు కంటే పైన ఉంటుంది. నీరు వెనక్కి తంతుంది. సముద్రానికి దగ్గరున్న పట్టణాల్లో పోటు వేళ ఇది ఇంకా ఎక్కువ.

మీరే సరిచూడొచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, బుడగ లేకుండా చూసుకుని, తాపీమేస్త్రి మట్టం చూసినట్టే గొట్టం పొడవును బట్టి 20, 30 మీటర్లకోసారి డ్రెయిన్ అడుగు కొలవండి. కిందికి వెళ్లేకొద్దీ 30 మీటర్లకు 3 సెంటీమీటర్లయినా దిగకపోతే, స్లాబులు మూయకముందే రాతపూర్వకంగా చెప్పండి. మూశాక ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్న: పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసుకుంటూ పోతున్నారు. షాపు గుమ్మం రోడ్డు కంటే అడుగు కిందికి పోయింది. ఈసారి ఎలా ఆపాలి? – మందుల షాపు యజమాని

జవాబు: తవ్వకముందే ఆపాలి. అంచనాలో రెండు పద్దులు ఉన్నాయో లేవో చూడండి: పాత కాంక్రీటు పగలగొట్టి తీసేయడం, మట్టి తవ్వి దూరం తరలించడం. 15 సెంటీమీటర్ల కంకర గ్రావెలు, దాని మీద 20 సెంటీమీటర్ల కాంక్రీటు వేయాలంటే 35 సెంటీమీటర్లు తవ్వాలి. ఆ తవ్వకం తప్పించుకుంటే రోడ్డు అంత మేరా పైకి లేస్తుంది. మట్టి పడేయడానికి ఊళ్లో చోటు లేక, లారీ బాడుగ భారమై తవ్వకం తగ్గించేస్తారు. గ్రావెలు మాత్రం తగ్గించమనకండి. కింద నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. పైన పొర పలచనైతే రోడ్డు నిలవదు.

రోడ్డు అంచు మీ గుమ్మానికి కనీసం 15 సెంటీమీటర్లు కింద ఉండేలా అడగండి. 7 మీటర్ల రోడ్డుకు మధ్య నుంచి అంచుకు 2 శాతం వాలు అంటే 7 సెంటీమీటర్లు. అందుకే మధ్య మట్టం కాదు, అంచు మట్టం రాయించుకోవాలి. పక్కా గోడ మీద పెయింటుతో గీత పెట్టి, టేపు కనిపించేలా ఫొటో తీసి, వీధివాళ్లందరి సంతకాలతో ఏఈకి ఇచ్చి రశీదు తీసుకోండి. అలాగే షాపు ముందు డ్రెయిన్ మీద మీరు పోసుకున్న ర్యాంపు ఉంటే అదీ తీయాల్సిందే. సగం వీధుల్లో నీరు నిలవడానికి అవే కారణం.

ప్రశ్న: కొత్త సీసీ రోడ్డు ఆరు నెలలకే పగుళ్లిచ్చింది. సిమెంటు తక్కువేశారా?

జవాబు: పగులు ఆకారం చూసి చెప్పొచ్చు. రెండు జాయింట్ల నడుమ అడ్డంగా, వంకరగా పగిలితే జాయింట్ల కోత ఆలస్యమైంది. ఎండ వేళ పోసిన కాంక్రీటును గట్టిపడగానే, అదే రోజో మర్నాడు పొద్దున్నో కట్టర్‌తో కోయాలి. 20 సెంటీమీటర్ల మందానికి 5 నుంచి 6.5 సెంటీమీటర్ల లోతు, సుమారు 4.5 మీటర్లకొకటి. అంచు వెంట పొడుగ్గా పగిలితే కింది మట్టి జారింది. పైపొర పొడిలా లేస్తే నీళ్లు ఎక్కువ కలిపారు, లేదా సరిగా తడపలేదు. మన దగ్గర వాడేది ఎక్కువగా పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు. దానికి 14 రోజులు తడపాలి.

సిమెంటు సంగతి క్యూబు పరీక్ష, అంటే పోసేటప్పుడు తీసిన కాంక్రీటు దిమ్మెల్ని నలగ్గొట్టి బలం చూసే పరీక్ష, చెబుతుంది. 100 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం అంటే 70 ఘనపు మీటర్లు. ఐఎస్ 456 ప్రకారం 5 నమూనాలు, నమూనాకు 3 చొప్పున 15 క్యూబులు ఉండాలి. 28 రోజుల ఫలితాల కాగితం అడగండి. లోప బాధ్యతా కాలం తీరకముందే ఫిర్యాదు రాస్తే కాంట్రాక్టరు తన ఖర్చుతోనే బాగుచేయాలి.

ప్రశ్న: మార్కెట్ పడగొట్టి కొత్తది కడతారట. బయట పూలు అమ్ముకునే నన్ను రేపే ఖాళీ చేయమన్నారు. – పూల వ్యాపారి

జవాబు: అమ్మా, రేపటికే అనడానికి వీల్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఇచ్చాక కూడా తొలగించాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ముందు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది దగ్గరికి వెళ్లి మీ పేరు సర్వేలో ఉందో లేదో చూసుకోండి. ఉంటే గుర్తింపు కార్డు నకలు జత చేసి కమిషనరుకు అర్జీ పెట్టండి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు మీలాంటి వ్యాపారులే ఉండాలి. మీ ఊళ్లో ఆ సభ్యులెవరో కనుక్కుని వాళ్లతో కలిసి వెళ్లండి. తాత్కాలికంగా ఎక్కడ కూర్చోబెడతారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట చాలదు.

ప్రశ్న: కాకినాడ స్మార్ట్ సిటీ పథకం ముగిసింది కదా, మిగిలినవాటి సంగతి?

జవాబు: 2016 జనవరిలో ఎంపికైన తొలి 20 నగరాల్లో కాకినాడ ఒకటి. పథకం 2025 మార్చి 31తో ముగిసింది. కట్టినవాటి నిర్వహణ ఇక స్థానిక సొమ్ముతోనే నడవాలి. నగరపాలక బడ్జెట్‌లో వాటి కరెంటుకు, మరమ్మతులకు పద్దు పెట్టారో లేదో చూడటమే ఇప్పుడు అసలు ప్రశ్న.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో పుష్కరాల పనులు సమయానికి అవుతాయా?

జవాబు: పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు. గోదావరికి వరద కాలం జూలై నుంచి సెప్టెంబరు. నది అంచున ఘాట్ల పునాదులకు అనువైన కాలం డిసెంబరు నుంచి మే వరకే. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన 94.44 కోట్ల అఖండ గోదావరి పర్యాటక పథకంలో పాత రైలు వంతెన హేవలాక్, పుష్కర ఘాట్ రెండూ ఉన్నాయి. ఘాట్ మెట్ల కింది పని వరదకు ముందే నీటిమట్టం దాటి పైకి రావాలి. పైనుండే రాతి పలకలు, రెయిలింగులు, దీపాలు వానల్లోనూ చేసుకోవచ్చు. పలకలు ముందు పరిచి, కిందిది తర్వాతంటే అనుమానించండి.

ప్రశ్న: ఈ కాగితాలన్నీ అడిగితే ఇవ్వరు. ఎలా రాబట్టాలి?

జవాబు: సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. "పని ఎందుకు ఆలస్యమైంది" అని అడిగితే జవాబు రాదు, అది కాగితం కాదు. పని పేరు, ఒప్పందం నంబరు రాసి ఇవి కోరండి: అంచనా పద్దుల నకలు, ఎం బుక్ పేజీలు, క్యూబు ఫలితాలు, గడువు పొడిగింపు ఉత్తర్వు, స్తంభాల డిపాజిట్ రశీదు. ఒప్పందం నంబరు తెలియకపోతే సైటు బోర్డు ఫొటో జత చేయండి. సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉంది. అది వేరే వాక్యంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపితే అందిన తేదీ మీద వాదన ఉండదు.